నల్లగొండ ఫ్లోరైడ్: సున్నా అన్న లెక్క దేన్ని కొలిచింది?

2020లో కేంద్ర ప్రభుత్వ లెక్కల్లో తెలంగాణకు సంబంధించిన ఒక అంకె మారింది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగక తప్పని ఆవాసాలు: సున్నా. రాష్ట్రం ఏర్పడేనాటికి అవి 967. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు, నారాయణపురం, చౌటుప్పల్ మండలాల్లో పుట్టి పెరిగినవాళ్ళకు ఆ సున్నా ఎంత పెద్ద మాటో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఊళ్ళకు పిల్లనివ్వడానికి వెనకాడిన సంబంధాలు, నలభై ఏళ్ళకే కర్ర పట్టిన మనుషులు, నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లలు... తరాలు అలాగే గడిచిపోయాయి.

ఆ తర్వాత రెండేళ్ళకు, 2022 నవంబరులో మునుగోడు ఉపఎన్నిక వచ్చింది. ప్రచారంలో మళ్ళీ ఫ్లోరైడే. ఘనత ఎవరిది, వైఫల్యం ఎవరిది అని పార్టీలు వాదించుకున్నాయి. సమస్య తీరిపోతే అంత వాదన ఎందుకు? తీరకపోతే ఆ సున్నా ఎక్కణ్ణుంచి వచ్చింది?

నా మటుకు నాకు ఆ సున్నా అబద్ధం అనిపించదు. అది నల్లాలోకి పంపిన నీళ్ళను కొలిచింది. భూమిలో ఉన్న నీళ్ళను కొలవలేదు, ఎముకల్లో చేరినదాన్ని కొలవలేదు, ఏ పూట ఏ ఇంట్లో ఏ నీళ్ళతో ఎసరు పెట్టారో కొలవలేదు. ఈ మూడూ వేరువేరు లెక్కలు. వీటిని కలిపేసి మాట్లాడటం వల్లే ఇంత గందరగోళం. విడదీయాలంటే రాయి దగ్గర మొదలుపెట్టాలి.

రాయి, ఎండ, సున్నం

నల్లగొండ నేల కింద పరుచుకుని ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. అందులో ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం లాంటి ఖనిజాలున్నాయి. ఫ్లోరిన్ వీటిలోనే ఉంటుంది. నీళ్ళు ఏళ్ళ తరబడి రాతి పగుళ్ళలో నిలిచి ఉంటే అది కొద్దికొద్దిగా కరిగి ఫ్లోరైడ్‌గా నీళ్ళలో చేరుతుంది. ఇంతవరకూ చాలామందికి తెలిసిన కథే.

కానీ రాయి ఒక్కటే కారణమైతే గ్రానైటు ఉన్న ప్రతిచోటా పళ్ళను, ఎముకలను పాడుచేసే ఈ ఫ్లోరోసిస్ జబ్బు ఉండాలి. హైదరాబాదు కూడా గ్రానైటు మీదే ఉంది. అసలు కీలకం కాల్షియం దగ్గర ఉంది. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే నీళ్ళలో సులువుగా కరగని పదార్థం ఏర్పడి అడుగుకు చేరుతుంది. అంటే కాల్షియం పుష్కలంగా ఉన్న నీళ్ళలో ఫ్లోరైడ్ ఒక హద్దు దాటి పెరగలేదు. నల్లగొండలాంటి మెట్ట ప్రాంతంలో ఈ కాపలా తొలగిపోతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. నేలలోని తేమ ఆవిరవుతున్నకొద్దీ కాల్షియం సున్నపు గడ్డలుగా మారి మట్టిలోనే ఉండిపోతుంది. ఈ ప్రాంతంలో బావి తవ్వినవాళ్ళకు మట్టి పొరల్లో తెల్లగా తగిలే సుద్ద గడ్డలు అవే. కిందికి దిగే నీళ్ళలో ఇక మిగిలేవి సోడియం, బైకార్బనేట్లు. అలాంటి క్షారపు నీళ్ళు రాతిలోని ఫ్లోరైడ్‌ను ఇంకా సులువుగా విడదీస్తాయి, విడదీసినదాన్ని అడుగుకు చేరనివ్వవు.

దీనివల్ల ఒక మోసం జరుగుతుంది. ఉప్పు నీళ్ళను నాలుక పట్టేస్తుంది, మురికి నీళ్ళను కన్ను పట్టేస్తుంది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, తాగే నీళ్ళలో ఉండే మోతాదుకు రుచీ తెలియదు. ఊళ్ళో అందరూ మెచ్చుకునే తియ్యటి నీళ్ళ బావిలోనే అది ఎక్కువగా ఉండొచ్చు. కాచి చల్లారిస్తే పోతుందన్న నమ్మకం ఇప్పటికీ ఉంది. సూక్ష్మక్రిములకైతే ఆ మాట నిజం. ఫ్లోరైడ్ విషయంలో జరిగేది సరిగ్గా తలకిందులు: ఆవిరయ్యేది నీళ్ళే గనక మరిగించినకొద్దీ గిన్నెలో మిగిలినదాంట్లో దాని గాఢత పెరుగుతుంది.

మనం చేసిన పని కూడా ఇందులో ఉంది. బోరు వేసి నీళ్ళు తోడి వరి మడికి పెడతాం. కొన్ని నీళ్ళు ఆవిరవుతాయి, మిగిలినవి కరిగిన లవణాలన్నీ మోసుకుని మళ్ళీ కిందికి దిగుతాయి. అవే నీళ్ళను మళ్ళీ తోడతాం. ఇలా తిరిగినకొద్దీ ఫ్లోరైడ్ చిక్కబడుతుందని హైదరాబాదు పక్కన మహేశ్వరం దగ్గర జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పరిశోధనలు చూపించాయి. చెరువు నిండితే దాని కింది బావుల్లో వాన నీళ్ళు కలిసి ఫ్లోరైడ్ పలచబడుతుంది. అందుకే గొలుసుకట్టు చెరువుల పూడిక తీయడం ఫ్లోరైడ్‌కు కూడా మందే. అయితే ఆ మేలు చెరువు చుట్టుపక్కలకే పరిమితం, వాన పడిన ఏళ్ళకే పరిమితం.

ముందు పడిపోయినవి ఎద్దులు

ఈ జబ్బుకు నల్లగొండ పేరు పడిపోయింది గానీ, మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది ఇవాళ్టి ప్రకాశం ప్రాంతంలో. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1930ల తొలినాళ్ళలో అక్కడి రైతులు తమ ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయని గమనించారు. దున్నాల్సిన ఎద్దు లేవకపోతే రైతుకు అంతకన్నా పెద్ద కబురు ఏముంటుంది? కొత్త చోటికి, కొత్త నీళ్ళకు తోలుకుపోతే కొన్నాళ్ళకు కాస్త తేరుకునేవి కూడా. మనుషుల్లోనూ అదే బిగుసు కనిపించింది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన షార్ట్, ఆయన సహచరులు 1937లో దీన్ని ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బుగా తేల్చి ప్రకటించారు. నిజాం రాజ్యంలో 1945 నాటికి మర్రిగూడ దగ్గరి బట్లపల్లిలో కూడా ఇదే జబ్బు నమోదైంది.

1937 నాటికి ఆ ఊళ్ళలో బోర్లు లేవు. తాగింది చేదబావి నీళ్ళే. కాబట్టి బోర్లే ఫ్లోరైడ్‌ను తెచ్చాయన్న మాట పూర్తి నిజం కాదు. బోర్లు చేసింది దాన్ని ఊరూరికీ వ్యాపింపజేయడం. ఆ కథ చెప్పుకునేటప్పుడు బోరింగు వేసినవాళ్ళను దోషుల్ని చేయడం కూడా నాకు న్యాయంగా తోచదు. దిగుడు బావుల్లో కాళ్ళు పెట్టి నీళ్ళు ముంచుకున్న రోజుల్లో నారికురుపు మన ఊళ్ళను పీడించింది. కాలి పుండులోంచి మూరెడు పురుగు బయటికి వచ్చే ఆ జబ్బు నీళ్ళ ద్వారానే అంటేది. కలరా సరేసరి. 1967 నాటి కరవు తర్వాత యూనిసెఫ్ సాయంతో గట్టి రాయిని తొలిచే యంత్రాలు వచ్చాయి, తర్వాత ఊరూరా చేతిపంపులు వెలిశాయి. నారికురుపు పోయింది. 2000లో దేశమంతటా పోయినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థే ధ్రువీకరించింది. ఆ చేతిపంపు ఎన్నో ప్రాణాలు కాపాడింది. అయితే అది తోడింది రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నానిన నీళ్ళను. క్రిమి ఉందా లేదా అని చూసినంత శ్రద్ధగా ఫ్లోరైడ్ ఎంతుందని ఆ రోజుల్లో చూడలేదు.

1970ల్లో ఇంకో చిక్కుముడి బయటపడింది. అప్పటిదాకా ఫ్లోరోసిస్ అంటే ఎముకలు మందమై, నడుము వంగి, మెడ తిరగకుండా బిగుసుకుపోవడం. నల్లగొండలో పెరిగే వయసు పిల్లలకు మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో ‘లాన్సెట్’ పత్రికలో దీన్ని వివరించారు. జొన్న ప్రధానంగా తినే పేదలలో ఇది ఎక్కువగా ఉందని ఆ సంస్థ పరిశోధనల్లో తేలింది. వాళ్ళు సూచించిన కారణం ఇది: నాగార్జునసాగర్ నిండాక చుట్టుపక్కల భూగర్భజల మట్టం పైకి వచ్చింది, నేలలో క్షారగుణం పెరిగింది, దాంతో జొన్న పైరు మాలిబ్డినం అనే లోహాన్ని ఎక్కువగా పీల్చుకుంది. ఆ జొన్న తిన్నవాళ్ళ ఒంట్లోంచి రాగి ఎక్కువగా బయటికి పోయింది. ఎముక గట్టిపడటానికి రాగి కావాలి. ఇటు ఫ్లోరైడ్, అటు రాగి కొరత, పైగా కాల్షియం చాలని తిండి, మూడూ కలిసి పెరిగే ఎముకను వంచేశాయి. ఒక ఆనకట్ట, ఒక పంట, ఒక రోగం ఇంత దూరం నుంచి ముడిపడి ఉంటాయని ఎవరూ ఊహించని రోజులవి.

లీటరుకు ఎంత అన్న ప్రశ్న చాలదు

భారత ప్రమాణాల ప్రకారం తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా 1.5. అమెరికాలో చట్టపరమైన గరిష్ఠ పరిమితి 4. మరి అక్కడ 4 దాకా ఒప్పుకుంటే ఇక్కడ 2 దగ్గరే మనుషులు ఎందుకు వంగిపోతున్నారు?

ఒంట్లోకి వెళ్ళేది గాఢత కాదు, మోతాదు. మే నెలలో ఉపాధి హామీ పనికి వెళ్ళిన కూలి తల్లి రోజుకు ఆరు లీటర్ల నీళ్ళు తాగుతుందనుకుందాం. నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 2 మిల్లీగ్రాములే ఉన్నా ఆమె ఒంట్లోకి 12 మిల్లీగ్రాములు వెళ్తాయి. చల్లటి దేశంలో, 4 మిల్లీగ్రాముల నీళ్ళను రెండు లీటర్లు తాగినవాళ్ళకు వెళ్ళేవి 8. దీనిమీద అన్నం లెక్క వేరే ఉంది. అరకిలో బియ్యం ఉడికేసరికి ముప్పావు లీటరుకు పైగా నీళ్ళు పీల్చుకుంటాయి. పప్పు, చారు, టీ వేరు. టీ ఆకులోనే సహజంగా ఫ్లోరైడ్ ఎక్కువ. అందుకే నీళ్ళ ప్రమాణాలు పెట్టేటప్పుడు స్థానిక వాతావరణాన్ని, జనం ఎన్ని నీళ్ళు తాగుతారన్నదాన్ని చూడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శకాల్లోనే చెప్పింది. ఒకే బోరు నీళ్ళు తాగే ఊళ్ళో నీడపట్టున కూర్చునేవాళ్ళకన్నా ఎండలో పనిచేసేవాళ్ళకు జబ్బు ముందు రావడానికి ఇదొక కారణం. తిండిలో పాలు, ఆకుకూరలు, రాగులు ఉన్నవాళ్ళకు కాస్త రక్షణ ఉంటుంది. కాల్షియం పేగుల్లోనే కొంత ఫ్లోరైడ్‌ను పట్టి ఆపుతుంది. అంటే ఒకే నీళ్ళు పేదవాళ్ళను ఎక్కువ దెబ్బతీస్తాయి.

ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్‌లో పెద్దవాళ్ళకైతే దాదాపు సగం మూత్రంలో పోతుంది. మిగిలినది ఎముకలో చేరుతుంది. పిల్లల ఎముకలు పెరిగే దశలో ఉంటాయి గనక ఇంకా ఎక్కువ నిలిచిపోతుంది. ఎముకలో అది స్ఫటికం నిర్మాణాన్నే మార్చేస్తుంది. ఎక్స్‌రేలో అలాంటి ఎముక మామూలుకన్నా తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది, కానీ పెళుసు. ఏళ్ళు గడిచేకొద్దీ ఎముకను కట్టి ఉంచే స్నాయువులు కూడా గట్టిపడతాయి. వెన్నుపూసల మధ్య దారి ఇరుకై నరాలు నలుగుతాయి. ఈ దశకు వచ్చినవాళ్ళను వెనక్కి తెచ్చే మందు లేదు. శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామి తన బాధనే ఉద్యమంగా మలుచుకుని, ఫ్లోరోసిస్ బాధితుల గొంతుగా రాష్ట్రమంతటికీ తెలిసి, 2023 జనవరిలో కన్నుమూశారు. ఆయన తరానికి మంచి నీళ్ళు వచ్చేసరికే ఆలస్యమైపోయింది.

పటిక, సున్నం, ఒక బకెట్టు

ఫ్లోరైడ్‌ను నీళ్ళలోంచి తీసే ప్రయత్నాల్లో నల్లగొండ పేరు ప్రపంచమంతా తిరిగింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970ల మధ్యలో రూపొందించిన పద్ధతి పేరే ‘నల్గొండ టెక్నిక్’. ఆఫ్రికాలో ఇథియోపియా, టాంజానియా లాంటి దేశాల్లో కూడా దీన్ని వాడారు.

అందులో వాడేవి అందరికీ తెలిసిన వస్తువులే. బకెట్టు నీళ్ళలో పటిక, అందులో ఇరవయ్యో వంతు సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడరు. ముందు గబగబా, తర్వాత నిదానంగా కలపాలి. తెల్లటి తుంపులు ఏర్పడతాయి. పటికలోని అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఆ తుంపులతో పాటు అడుగుకు చేరుతుంది. గంట ఆగి, అడుగున ఉన్న మడ్డి కదలకుండా పైనుంచి తేరిన నీళ్ళు తీసుకోవాలి. మడ్డి లోపలికి రాకుండా కొళాయిని బకెట్టు అడుగుకు కాస్త పైన బిగిస్తారు. కరెంటు అక్కర్లేదు, విదేశీ సరుకు అక్కర్లేదు. శాస్త్రం ప్రకారం ఇది పనిచేస్తుంది.

మరి ఇళ్ళలో ఎందుకు నిలబడలేదు? ఆ ఇంటి ఇల్లాలి వైపునుంచి చూస్తే జవాబు దొరుకుతుంది. ఎంత పటిక వేయాలన్నది నీళ్ళలోని ఫ్లోరైడ్‌ను బట్టి, క్షారగుణాన్ని బట్టి మారుతుంది. బోరు మారితే లెక్క మారుతుంది, ఎండాకాలం వస్తే మళ్ళీ మారుతుంది. తక్కువ వేస్తే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువ వేస్తే నీళ్ళు వగరెక్కుతాయి, అల్యూమినియం మిగిలిపోతుంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళకు పటిక కూడా చాలా ఎక్కువ పడుతుంది. ఆ మడ్డిని రోజూ ఎక్కడ పారబోయాలి? కూలికి పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరిన మనిషి, కంటికి కనిపించని, నాలుకకు తెలియని ఒక పదార్థం కోసం, ఇరవై ఏళ్ళ తర్వాత రాబోయే నడుము నొప్పిని ఆపడానికి, ప్రతి సాయంత్రం ఈ పని చేయాలి. నాలుగు రోజులు చేసి మానేస్తే ఆమెది అజ్ఞానం అని నివేదికల్లో రాశారు. నాకు అది తప్పు అనిపిస్తుంది. ప్రభుత్వం చేయాల్సిన పనిని బకెట్టులో పెట్టి ఆమె నెత్తిన మోపారు.

ఊరికి ఒకటి చొప్పున పెట్టిన ఫ్లోరైడ్ నిర్మూలన ప్లాంట్లదీ ఇలాంటి కథే. యాక్టివేటెడ్ అల్యూమినా గుళికల ఫిల్టర్లు కొన్నాళ్ళు బాగానే పనిచేస్తాయి. గుళికలు నిండిపోయాక క్షారంతో, ఆమ్లంతో కడిగి మళ్ళీ పనికి తేవాలి. కడిగేవాడు లేకపోతే ఫ్లోరైడ్ అలాగే దాటిపోతుంది, అది దాటుతోందని చెప్పే గుర్తు పైకి ఏదీ ఉండదు.

ఇంటి ముందు నుంచి పోయిన పైపు

సమస్య శాస్త్రానిది మాత్రమే కాదని నల్లగొండ జనం ముందే పట్టుకున్నారు. కృష్ణా నది జిల్లా అంచునే పారుతుంది. నాగార్జునసాగర్ ఈ జిల్లాలోనే ఉంది. అయినా ఎత్తున ఉన్న మునుగోడు, దేవరకొండ ప్రాంతాలకు ఆ నీళ్ళు ఎక్కలేదు. బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చిన దుశర్ల సత్యనారాయణ జలసాధన సమితిని నిలబెట్టి, బాధితులను ఢిల్లీ దాకా తీసుకుపోయారు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఉద్యమం చేసిన పని దేశం మొత్తాన్ని నల్లగొండ వైపు తిప్పింది. మూకుమ్మడిగా నామినేషన్లు వేయించడంతో ఒక్క నల్లగొండ స్థానానికే 480 మంది అభ్యర్థులు నిలిచారు. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, ఎన్నికల సంఘం పోలింగును వాయిదా వేయాల్సి వచ్చింది. సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. అదే ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 10,000 చేశారు. తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ స్థానానికి వెయ్యికి పైగా అభ్యర్థులు నిలవడం కూడా ఆ సవరణకు ఒక కారణం. కారణాలు ఎన్ని ఉన్నా, ఆ 480 మంది అడిగిన నీళ్ళకన్నా ఎన్నో ఏళ్ళ ముందే డిపాజిట్ మారింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

కోపం తెప్పించేది ఇంకొకటీ ఉంది. 2004 నుంచి హైదరాబాదుకు కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. ఆ నీళ్ళు అక్కంపల్లి జలాశయం నుంచి వచ్చి, నల్లగొండ జిల్లాలోనే ఉన్న కోదండాపురం దగ్గర శుద్ధి అయి, ఫ్లోరైడ్ ప్రాంతం గుండానే భారీ పైపుల్లో నగరానికి వెళ్తాయి. నగరానికి నీళ్ళు ఇవ్వొద్దని ఎవరూ అనలేదు. తమ పొలం పక్కనుంచి పోతున్న నీళ్ళు ముందు తమ ఊరికి ఎందుకు రావని అడిగారు.

శ్రీశైలం నుంచి నీళ్ళు వాటంతటవే పారి వచ్చేలా దాదాపు 44 కిలోమీటర్ల ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం తలపెట్టడం వెనక ఉన్న ఆశ కూడా ఇదే. ఆ పనులు రెండు దశాబ్దాలుగా సాగుతూనే ఉన్నాయి. 2025 ఫిబ్రవరి 22న సొరంగం లోపల కప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వాళ్ళలో ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు. ఈ ప్రాంతానికి నీళ్ళు తెచ్చే పనిలో వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు కూడా బలయ్యారని మనం గుర్తుపెట్టుకోవాలి. అటు, 1937లో జబ్బుకు పేరు పెట్టిన ప్రకాశం ప్రాంతం కూడా ఇలాగే కొండను తొలిచే వెలిగొండ సొరంగాల మీద ఆశ పెట్టుకుని దశాబ్దాలుగా ఎదురుచూస్తోంది.

నల్లా వచ్చాక

2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించి మిషన్ భగీరథ మొదలుపెట్టారు. చోటు ఎంపిక యాదృచ్ఛికం కాదు. నదుల నుంచి నీళ్ళు తీసుకుని, శుద్ధి చేసి, పైపుల్లో ఇంటింటికీ ఇవ్వడం దీని పద్ధతి. ఫ్లోరైడ్ విషయంలో ఇదే సరైన దారి అని నేను గట్టిగా నమ్ముతాను. చెడిన నీళ్ళను ఇంటి దగ్గర బాగుచేసుకోమనడం కన్నా మంచి నీళ్ళను ఇంటిదాకా తేవడం మేలు. నది నీళ్ళలో ఫ్లోరైడ్ తక్కువ. బకెట్టు బాధ్యత ఇల్లాలి నెత్తి మీంచి దిగిపోతుంది. 967 నుంచి సున్నాకు దిగిన లెక్క ఈ పైపుల ఫలితమే.

కానీ భూమిలోని నీళ్ళు మారలేదు. బోర్లు అలాగే ఉన్నాయి, వాటిలో ఫ్లోరైడ్ అలాగే ఉంది. మోటారు కాలి, పైపు పగిలి, ట్యాంకు కడగక రెండు రోజులు నల్లా రాకపోతే ఊరు మళ్ళీ బోరు దగ్గరికే పోతుంది. బ్లీచింగ్ వాసన నచ్చక నల్లా నీళ్ళు బట్టలకు, అంట్లకు వాడి, తాగడానికి ఫిల్టర్ క్యాన్ తెచ్చుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ క్యాన్ నింపేది ఎక్కువగా బోరు నీళ్ళతోనే. ఆర్‌వో యంత్రం సరిగా నడిస్తే ఫ్లోరైడ్ పోతుంది, దానితో పాటు కాల్షియం కూడా పోతుంది. వడపోతలో వదిలేసిన చిక్కటి నీళ్ళు పక్కనే ఇంకుడు గుంతలోకో మోరీలోకో పోయి మళ్ళీ నేలలో చేరతాయి. పొరలు పాతబడ్డ యంత్రం నుంచి ఏం వస్తోందో అడిగేవాళ్ళు లేరు. క్యాన్ నీళ్ళు తాగడానికి మాత్రమే తెచ్చుకుని, వంటకు బోరు నీళ్ళు వాడే ఇంట్లో ఫ్లోరైడ్ అన్నంతో, పప్పుతో లోపలికి పోతూనే ఉంటుంది. ఆర్‌వో మీద ఖర్చు పెడుతున్నాం గనక సురక్షితం అనుకునే ఇల్లు ఇదే.

ప్రభుత్వ లెక్క వీటిలో దేన్నీ చూడదు. అది ఆవాసం ప్రాతిపదికగా వేసే లెక్క. సురక్షితమైన నీళ్ళు అందే ఏర్పాటు ఆ ఊరికి ఉందా లేదా అన్నదే అందులో ప్రశ్న. తండా చివరి ఇంటికి ఏ వేళకు, ఎన్ని బిందెలు, నెలలో ఎన్ని రోజులు వచ్చాయన్నది ఆ పట్టికలో ఉండదు. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి విడత జిల్లాల్లో మన నెల్లూరు కూడా ఉంది. బడి పిల్లల పళ్ళు చూడటం, మూత్రంలో ఫ్లోరైడ్ కొలవడం అందులో భాగం. నీళ్ళ శాఖ నీళ్ళు చూస్తుంది, వైద్య శాఖ ఒళ్ళు చూస్తుంది. ఈ రెండు పట్టికలనూ ఊరి పేరు పక్కన కలిపి పెట్టిన రోజే సున్నా అన్న మాటకు పూర్తి విలువ వస్తుంది.

తిండి సంగతి కూడా మర్చిపోకూడదు. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రోజూ 10 గ్రాముల చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతున్నట్టు తేలింది. మన చారు, పులుసు ఇలా పనికొస్తాయంటే సంతోషమే. అయితే బోరు నీళ్ళతో కాచిన చారు తాగి ఫ్లోరైడ్‌ను గెలవలేం. అంగన్‌వాడీలో పాలు, గుడ్డు, ఆకుకూర సరిగ్గా అందడం, అవి వండే నీళ్ళు నల్లావి కావడం అంతకన్నా ముఖ్యం.

మరి సున్నాను పరీక్షించడం ఎలా? ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. ఫ్లోరైడ్ పంటి మీద తేదీ వేసి వెళ్తుంది. శాశ్వత ముందు పళ్ళ పింగాణీ పొర పుట్టిన కొద్ది నెలల నుంచి నాలుగైదు ఏళ్ళ వయసు దాకా చిగురు లోపలే తయారవుతుంది. ఆ ఏళ్ళలో ఎక్కువ ఫ్లోరైడ్ లోపలికి పోతే పొర మీద సుద్ద గీత గీసినట్టు అడ్డంగా తెల్లటి చారలు పడతాయి, ఎక్కువైతే అవే తర్వాత గోధుమ రంగుకు తిరుగుతాయి. ఊళ్ళో గారపళ్ళు అనేది వీటినే. ఆ వయసు దాటాక ఎన్ని చెడ్డ నీళ్ళు తాగినా ముందు పళ్ళకు కొత్త చారలు పడవు, ఒకసారి పడిన చారలు ఎన్ని మంచి నీళ్ళు తాగినా పోవు. ఆ పళ్ళు బయటికి వచ్చేది ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య. అంటే నల్లా వచ్చాక, 2017, 2018లలో పుట్టిన పిల్లలకు ఈపాటికి ముందు పళ్ళు వచ్చేసి ఉంటాయి. చారల తీవ్రతను కొలిచే డీన్ సూచిక 1930ల నుంచీ వాడుకలో ఉంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాల్లో మూడు, నాలుగు తరగతుల పిల్లలను వెలుతురులో నిలబెట్టి పళ్ళు చూసి, అదే ఊళ్ళో పదేళ్ళు పెద్దవాళ్ళ పళ్ళతో పోల్చి, ఏ తండాలో చారలు ఇంకా పడుతున్నాయో ఊరి వారీగా గోడ మీద రాసి పెట్టాలి. చారలు కనిపించిన తండాకు ముందు వెళ్ళాల్సింది నీళ్ళ శాఖ ఇంజినీరు, ఆయన వెనకాలే వైద్యుడు.